పాట ఒకటే... రికార్డు వేరు!

ఏడంగుళాల నల్లటి బిళ్ల. మధ్యలో రూపాయి నాణెం జారి కిందపడేంత కంత. ఈ పక్క ఒక పాట, ఆ పక్క ఒక పాట. రెండూ కలిపి విన్నా పట్టుమని ఆరు నిమిషాలు ఉండవు. 2020లో ఇంగ్లండులో అలాంటి బిళ్ల ఒకటి లక్ష పౌండ్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో దాదాపు కోటి రూపాయలు!

పాట వినడానికే అయితే అంత డబ్బు అక్కర్లేదు. అదే పాట ఇప్పుడు సెల్‌ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా వినిపిస్తుంది. ఎన్నో సీడీల్లో ఉంది. మరి కొన్నాయనకు మతి పోయిందా? తీసిపారేయడానికి ముందు అసలు సంగతి వినాలి. ఎందుకంటే ఆ పాట పాడిన ఫ్రాంక్ విల్సన్‌కే చాలాకాలం తన రికార్డు అమ్ముకునే అదృష్టం లేకపోయింది. ఆ కథ చివర్లో చెప్పుకుందాం. దానికంటే ముందు రికార్డుల పిచ్చివాళ్లు ఏం వెతుకుతారో, ఎందుకు వెతుకుతారో తెలియాలి.

సోల్ అంటే ఆత్మ. అమెరికాలో నల్లజాతివాళ్ల చర్చిపాట, వీధిపాట కలిసి 1950ల చివర్లో పుట్టిన సంగీతమది. 1960లంతా దాని రాజ్యమే. సామ్ కుక్, ఒటిస్ రెడ్డింగ్, అరెథా ఫ్రాంక్లిన్, మార్విన్ గే, జేమ్స్ బ్రౌన్... అందరూ ఆ తానులో ముక్కలే. అప్పట్లో వాళ్ల పాటలు జనంలోకి వెళ్లింది ఎక్కువగా సింగిల్స్ రూపంలోనే. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు, పక్కకు ఒక పాట. కుర్రకారు జేబుకు అందే ధర. రేడియోవాళ్లు వేసేది అదే, హోటళ్లలోని జూక్‌బాక్సుల్లో తిరిగేదీ అదే. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈపీ అని పిలిచిన రికార్డుకు ఇది తోబుట్టువు.

ఇక ఈ సింగిల్స్ పోగేసేవాళ్ల వరస వేరుగా ఉంటుంది. ‘ఆ పాట మీ దగ్గర ఉందా’ అని అడగరు. ‘ఏ ప్రెస్సింగ్?’ అంటారు. రికార్డును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి ఖాళీ వలయాన్ని భూతద్దంతో చూస్తారు. వేలిగోటితో అంచును టక్కున కొట్టి చప్పుడు వింటారు. చూసేవాళ్లకు పుచ్చకాయలు బేరం చేస్తున్నట్లే ఉంటుంది!

నిజానికి ఆ తనిఖీలో అర్థం ఉంది. స్టూడియోలో పాడిన పాట టేపు మీద ఉంటుంది. దాన్ని ఒక యంత్రం మీద పెట్టి, మెత్తటి పూత వేసిన పళ్లెం మీద గాడిగా కోస్తారు. ఆ పళ్లెం మీద లోహపు పొర ఎక్కించి ఊడదీస్తే తిరగేసిన అచ్చు వస్తుంది. అందులోంచి మరో అచ్చు, దాన్నుంచి ఇంకొకటి... చివరి అచ్చుల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. అచ్చు అరిగితే కొత్తది పెట్టాలి. పాట బాగా ఆడితే దేశం ఆ చివర ఒక కర్మాగారంలో, ఈ చివర మరో కర్మాగారంలో ఒకేసారి ముద్రించాలి. ఒక్కోచోట కోత మళ్లీ వేస్తారు. కోసేవాడు చెవికి నచ్చినట్టు శబ్దం కాస్త పెంచుతాడు, కాస్త తగ్గిస్తాడు. ఇంత జరిగాక బయటికొచ్చే రికార్డులన్నీ అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉంటాయనుకుంటే పొరపాటే.

ఎవరు ఎక్కడ కోశారు, ఎన్నోసారి కోశారు అన్న సంగతులు ఆ నున్నటి వలయంలో ఉంటాయి. అంకెలు, అక్షరాలు, ఒక్కోసారి కోసినవాడి పొడి అక్షరాలు. లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ కర్మాగారంలో తయారైన రికార్డుల మీద చిన్న త్రిభుజం, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. కొనేవాళ్లు లేబుల్ కంటే ముందు దాన్నే చూస్తారు. లేబుల్ అబద్ధం చెప్పొచ్చు, గాడి చెప్పదు.

తెల్లవారుజామున మూడింటికి!

అబద్ధమంటే మోసమనే కాదు. లేబుల్ మీద పాటపేరు అదే, గాయకుల పేరు అదే, రికార్డు నంబరూ అదే. ముల్లు పెడితే మాత్రం పాట వేరు! మిరకిల్స్ బృందం 1960లో పాడిన ‘షాప్ అరౌండ్’ సంగతి ఇదే.

డెట్రాయిట్ నగరంలో కార్ల కర్మాగారంలో పనిచేసి బయటికొచ్చిన బెర్రీ గార్డీ ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో రికార్డుల కంపెనీ పెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో ఒక మామూలు ఇల్లు కొని అందులోనే స్టూడియో కట్టాడు. అదే తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన మోటౌన్. మరుసటేడు స్మోకీ రాబిన్సన్ అనే కుర్రాడు ‘షాప్ అరౌండ్’ రాశాడు. పెళ్లికి తొందరపడొద్దు, నాలుగు చోట్ల చూసుకో అని కొడుకుకు తల్లి చెప్పే బుద్ధులు. రికార్డు చేశారు, ముద్రించారు, డెట్రాయిట్ చుట్టుపక్కల కొట్లలోకి పంపారు కూడా.

గార్డీకి మాత్రం నిద్ర పట్టలేదు. పాట నెమ్మదిగా నడుస్తోంది, ఏదో తక్కువైంది అనిపించింది. తెల్లవారుజామున మూడింటికి రాబిన్సన్‌కు ఫోన్ చేశాడు. బృందాన్నంతా తీసుకుని వచ్చేయమన్నాడు. కళ్లు నులుముకుంటూ అందరూ వచ్చారు. పియానో వాయించేవాడు రాకపోతే గార్డీయే కూర్చుని వాయించాడు. వేగం పెంచి పాడారు. కొత్త పాటను పాత నంబరుతోనే ముద్రించి దేశం మీదికి వదిలారు. నల్లజాతి సంగీతం జాబితాలో ఒకటో స్థానం, అందరి జాబితాలో రెండో స్థానం. మోటౌన్‌కు మొదటి పది లక్షల అమ్మకం అదే.

మరి ముందు కొన్న డెట్రాయిట్ వాళ్ల సంగతి? వాళ్ల ఇళ్లలో ఉన్నది నెమ్మదిపాట. రేడియోలో రోజూ మోగుతున్నది వేగంపాట. తమ దగ్గర ఉన్నది వేరే పాటని ఎంతమందికి తట్టిందో! రెండూ పక్కపక్కన పెట్టి వింటే గార్డీ చెవికి దండం పెట్టాలనిపిస్తుంది. అలాగని మొదటిది చెత్తేమీ కాదు. అందులో కాస్త దిగులుంది. తల్లి మాట విన్న కొడుకు ఆలోచనలో పడ్డట్లుంటుంది. రెండోదాంట్లో కొడుకు ఆలోచించడం మానేసి అమ్మ మాటను ఊరంతా చాటుతున్నట్లుంటుంది.

వేగం విషయంలో జేమ్స్ బ్రౌన్‌వాళ్లు ఇంకా తేలికదారి పట్టారు. 1965 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని షార్లట్‌లో ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’ పాడాడు. పాట దాదాపు ఏడు నిమిషాలు. సింగిల్‌కు అంత చోటుండదు. కోసి రెండు భాగాలు చేశారు, పక్కకొకటి. మళ్లీ పాడించకుండా టేపునే కొంచెం వేగంగా తిప్పి శ్రుతి పెంచేశారు. అప్పటిదాకా అలసిన బృందం ఒక్కసారిగా చిందులేసినట్లయింది! అసలు వేగంతో, కోతల్లేకుండా ఆ పాట జనానికి వినిపించింది 1991లో, బ్రౌన్ పాటలన్నీ కలిపి వేసిన ఒక పెద్ద సంకలనంలో. అప్పటికి ఇరవై ఆరేళ్లు గడిచాయి. రెండూ విన్నవాళ్లు ఏది అసలు, ఏది నకలు అని తేల్చుకోలేక ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉంటారు. బ్రౌన్ గొంతు అసలుది కావాలంటే ఏడు నిమిషాలది. 1965 వేసవిలో జనాన్ని నిలువనీయనిది కావాలంటే ఆ చిన్న బిళ్ల.

స్టీరియో, మోనో తగాదా కూడా ఇలాంటిదే. ఆ రోజుల్లో కుర్రాళ్లు పాటలు వింది కార్లలో, చేతిరేడియోల్లో. ఒకటే స్పీకరు, అదీ చిన్నది. మోటౌన్‌వాళ్లు పాట సిద్ధమయ్యాక కారు రేడియోలో ఉండేలాంటి బుల్లి స్పీకరులో పెట్టి విని చూసేవారు. అందులో బాగుంటేనే బాగున్నట్లు. అందుకే సింగిల్ కోసం చేసిన మోనో కలపడంలో డ్రమ్ము, బాసు, గొంతు ఒకే గుద్దులా మీద పడతాయి. ఎల్పీల కోసం స్టీరియోలో మళ్లీ కలిపినప్పుడు గొంతు ఒకపక్కకు, తాళాలు ఇంకోపక్కకు పోయి, ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్లు ఉంటుంది. కొన్నిటిలో గాయకుడు పాడింది కూడా వేరే టేకు. పాత సింగిల్ కోసం వెతికేవాళ్లది చాదస్తమని కొట్టిపారేయలేం. వాళ్లు వెతుకుతున్నది గార్డీ విని సరేనన్న పాటను.

టక్‌మంటే ఒకటి, డబ్‌మంటే ఒకటి

గోటితో కొట్టి వినడం సంగతి చెప్పుకోవాలి. సింగిల్స్ అన్నీ ఒకే సరుకుతో చెయ్యరు. కొన్ని వినైల్. వంచితే కాస్త వంగుతుంది, కొడితే మెత్తగా పలుకుతుంది. మరికొన్ని పాలీస్టైరీన్. ఇది గట్టిది, తేలికది, వంచితే పుటుక్కున విరుగుతుంది. కొడితే టక్‌మని గాజులా మోగుతుంది. కరిగించి అచ్చులోకి చిమ్మి చేస్తారు కాబట్టి కంపెనీకి చవక. కొత్తలో వినడానికి శుభ్రంగా ఉంటుంది. బరువైన ముల్లు నాలుగుసార్లు తిరిగితే మాత్రం గాడి కొట్టుకుపోతుంది. రేడియో స్టేషన్లలో పాట మొదటి స్వరం సరిగ్గా అందుకోవడానికి రికార్డును వెనక్కీ ముందుకీ తిప్పేవారు. అలా తిప్పిన స్టైరీన్ రికార్డుల్లో మొదటి కొన్ని సెకన్లు పకోడీలు వేగుతున్నట్లు వినిపిస్తుంది.

ఒకే పాట ఒక కర్మాగారంలో వినైల్‌గా, ఇంకోచోట స్టైరీన్‌గా వచ్చిన సందర్భాలు కోకొల్లలు. చూడ్డానికి లేబుల్ అదే. కాబట్టి కొనేవాడు ‘ఏ ప్రెస్సింగ్?’ అని అడుగుతాడు. దొంగ సరుకు పట్టుకోవడానికీ ఇదే ఆధారం. అసలుది స్టైరీన్ మీదే వచ్చిందని తెలిసిన పాట వినైల్ మీద కనిపిస్తే అనుమానించాలి. అసలు లేబుల్‌ను ఫొటో తీసి అచ్చువేసిన దొంగ లేబుల్ మీద అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. యంత్రంతో గుద్దినట్లుండాల్సిన అంకెలు చేత్తో గీసినట్లుంటాయి. దొంగనోటును వెలుతురుకు పెట్టి చూసినట్లే.

ఒక పాటను పలువురు పాడటం ఇంకో ముచ్చట. ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ను మోటౌన్‌లో ముందుగా 1966లో మిరకిల్స్ చేత పాడించారు. తర్వాత 1967లో మార్విన్ గే పాడాడు. రెండింటినీ గార్డీ పక్కన పెట్టించాడు. పాట రాసినవాళ్లలో ఒకడైన నార్మన్ విట్‌ఫీల్డ్ వదిలే రకం కాదు. గ్లాడిస్ నైట్ బృందంతో చర్చిపాటలా ఉరకలెత్తించి పాడించాడు. 1967 చివర్లో అది రెండో స్థానం దాకా వెళ్లింది. గే పాడింది 1968లో ఒక ఎల్పీలో మూలకు వేస్తే రేడియోవాళ్లు దాన్నే వెతికి వెయ్యడం మొదలుపెట్టారు. తప్పక సింగిల్‌గా తెచ్చారు. ఏడు వారాలు ఒకటో స్థానం! ప్రియురాలి మోసం ఊళ్లోవాళ్ల నోట విన్నవాడి పాట అది. నైట్ బృందం నిలదీస్తుంది. గే లోపల్లోపల కుమిలిపోతాడు. కంపెనీ మాత్రం పక్కన పెట్టదగ్గ పాటే అనుకుంది!

ఆ చరణం ఏమైంది?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెవికి సంబంధించినవి. వేగం, సరుకు, గొంతు. ఇప్పుడు చెప్పబోయేది అంత తేలిగ్గా తీసుకునేది కాదు.

సినిమాలో విన్న పాటలో ఒక చరణం గ్రామఫోన్ రికార్డులో లేకపోవడం మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. 78 చుట్ల రికార్డులో పక్కకు మూడు నిమిషాలకు మించి పట్టదు. చోటు చాలక చరణం ఎగరగొట్టేవారు. అది చోటు సమస్య. సామ్ కుక్ పాటలో పోయిన చరణం మాత్రం చోటు చాలక పోయింది కాదు. ఆ పాట మొత్తం నిడివి మూడు నిమిషాల చిల్లరే.

సామ్ కుక్ అప్పటికే పెద్ద పేరున్న గాయకుడు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇష్టపడేవాడు. 1963 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌కు భార్యతో, బృందంతో వెళ్లాడు. ముందుగా ఫోన్ చేసి గదులు మాట్లాడుకున్నారు. తీరా వెళ్తే ఖాళీలు లేవన్నారు. కారణం అందరికీ తెలుసు. కుక్ ఊరుకోలేదు, గొడవపడ్డాడు. వెళ్లిపోదామని భార్య బతిమాలింది. చివరికి పోలీసులు వాళ్లనే అరెస్టు చేశారు. శాంతిభద్రతలకు భంగం కలిగించారట!

అంతకుముందే బాబ్ డిలన్ ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ కుక్‌ను కుదిపేసింది. ఒక తెల్లకుర్రాడు అలాంటి పాట రాస్తే, తాను ప్రేమపాటలే పాడుకుంటూ కూర్చున్నానని మనసులో పీకేది. రెండూ కలిసి ‘ఎ ఛేంజ్ ఈజ్ గాన్నా కమ్’ అయ్యాయి. మార్పు వచ్చి తీరుతుందన్న పాట. 1964 జనవరి 30న హాలీవుడ్‌లో పాడాడు. రెనీ హాల్ వాద్యాలు సమకూర్చాడు. వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, పెద్ద నగారా. మార్చిలో ఎల్పీలో వచ్చింది. అందులో పాట పూర్తిగా ఉంది.

డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో తుపాకీ గుండు తగిలి కుక్ చనిపోయాడు. ముప్పై మూడేళ్లు. పదకొండు రోజుల తర్వాత, డిసెంబరు 22న ఆ పాట సింగిల్‌గా వచ్చింది. అదీ ‘షేక్’ అనే డాన్సుపాటకు వెనకవైపున. ఒక చరణం లేదు.

ఏ చరణం? సినిమా హాలుకు, ఊరి నడిబొడ్డుకు వెళ్లిన నల్లవాణ్ని అక్కడ నిలబడనివ్వరని చెప్పే చరణం. పాటలో మిగిలినచోట్ల దుఃఖం ఉంది, అలసట ఉంది, చావంటే భయం ఉంది. అవి ఎవరి దుఃఖమైనా కావచ్చు. జాతివివక్షను వేలుపెట్టి చూపించేది ఆ ఒక్క చరణమే. సరిగ్గా దాన్నే తీసేశారు. రేడియోల్లో, ముఖ్యంగా దక్షిణాది స్టేషన్లలో, ఇబ్బంది లేకుండా మోగాలి కదా! అదే ఏడాది జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్లలో, సినిమా హాళ్లలో జాతిపేరుతో ఎవరినీ గెంటెయ్యకూడదని చట్టమే చెప్పింది. ఆ చట్టానికి అయిదునెలలు నిండిన తర్వాత కూడా సినిమా హాలు చరణం సింగిల్‌కు బరువైంది.

కోసినవాడి పనితనానికి వంక పెట్టలేం. అతుకు ఎక్కడుందో తెలియదు. ఆ సింగిల్ ఒక్కటే కొనుక్కున్నవాడికి ఏదో పోయిందన్న అనుమానమే రాదు. ఎల్పీ కొనే స్తోమత లేని ఇంట్లో, జూక్‌బాక్సులో నాణెం వేసే కుర్రాడికి చేరింది ఆ చరణం లేని పాటే. ఎవరి గురించి ఆ చరణం రాశాడో వాళ్లలో చాలామందికి అది వినపడలేదు. 1965 మొదట్లో ఆ పాట అందరి జాబితాలో 31వ స్థానం, నల్లజాతి సంగీతం జాబితాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. తర్వాతి కాలంలో పౌరహక్కుల ఉద్యమానికి జాతీయగీతంలా మారింది. ఇప్పుడు సాధారణంగా వినిపించేది పూర్తిపాటే.

ఆ చిన్న బిళ్ల దొరికితే మాత్రం ఒకసారి పెట్టి వినాలి. పాట సాగుతూ సాగుతూ ఆ చరణం రావాల్సినచోట రాదు. తెలిసి వింటే అక్కడ గుండె ఒక్క క్షణం తడబడుతుంది.

మారుపేరుతో మోగిన గొంతు

ఇక ఫ్రాంక్ విల్సన్ దగ్గరికి వద్దాం. 1965లో అతను మోటౌన్ లాస్ ఏంజెలెస్ ఆఫీసులో పాటలు రాసే ఉద్యోగి. ‘డు ఐ లవ్ యు’ అనే పాట రాసి తానే పాడాడు. మోటౌన్‌కే చెందిన సోల్ అనే లేబుల్ కింద ప్రచారం కోసం 250 ప్రతులు ముద్రించారని చెబుతారు. డిసెంబరు చివర్లో విడుదల. అంతలో గార్డీ కూర్చోబెట్టి అడిగాడు, గాయకుడివి అవుతావా, పాటలు తయారుచేసేవాడివి అవుతావా అని. రెండు పడవల మీద కాళ్లు వద్దన్నట్లు. విల్సన్ తెరవెనక పనే ఎంచుకున్నాడు. ముద్రించిన ప్రతుల్ని నాశనం చేశారు. అదే పాటను క్రిస్ క్లార్క్ అనే గాయనితోనూ పాడించారు. అదీ అప్పట్లో బయటికి రాలేదు.

అతను ఎంచుకున్న దారి తప్పేమీ కాదు. డయానా రాస్ వెళ్లిపోయాక సుప్రీమ్స్‌కు 1970లో ‘స్టోన్డ్ లవ్’, ఎడ్డీ కెండ్రిక్స్‌కు 1973లో ‘కీప్ ఆన్ ట్రకిన్’ లాంటి పెద్ద విజయాలు తెచ్చిపెట్టింది అతనే. పాడిన సంగతి మరుగున పడిపోయింది.

సముద్రం అవతల ఇంగ్లండులో వేరే తతంగం నడుస్తోంది. ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల్లో వారమంతా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసిన కుర్రాళ్లు శనివారం రాత్రి తెల్లారేదాకా పాత అమెరికన్ సోల్ పాటలకు నాట్యం చేసేవారు. డేవ్ గాడిన్ అనే పాత్రికేయుడు దానికి నార్తర్న్ సోల్ అని పేరు పెట్టాడు. విగన్ పట్టణంలోని క్యాసినో క్లబ్బు 1973 నుంచి 1981 దాకా దీనికి గుడిలాంటిది. అందరికీ తెలిసిన హిట్లు అక్కడ చెల్లవు. అమెరికాలో ఫ్లాపై, గోదాముల్లో దుమ్ముకొట్టుకుపోయిన రికార్డులే కావాలి. ఎంత అరుదైతే అంత గొప్ప. గ్లోరియా జోన్స్ 1965 నాటి సింగిల్‌కు వెనకవైపున పడి ఎవరికీ పట్టని ‘టెయింటెడ్ లవ్’ ఆ క్లబ్బుల్లోనే బతికి, 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం గొంతులో బ్రిటన్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది.

ఇలాంటిచోట రికార్డు వేసేవాడికి దాని పేరే ఆస్తి. పక్క క్లబ్బువాడికి తెలిసిపోతే ఆ రాత్రి గొప్ప పోయినట్లే. అందుకని లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, నోటికొచ్చిన పాటపేరూ గాయకుడి పేరూ చెప్పేవారు. మంచి గోంగూర ఎక్కడ దొరుకుతుందో పక్కింటావిడకు చెప్పకపోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ నష్టపోయేది పాడినవాడు.

1970ల్లో మోటౌన్ భాండాగారం నుంచి విల్సన్ రికార్డు ప్రతి ఒకటి ఒక వ్యాపారి చేతికి వచ్చింది. దాన్నుంచి తీసిన నకలు ఇంగ్లండు చేరింది. పాట మొదలైన పది సెకన్లకే జనం నేలమీద ఆగలేదు. గాయకుడెవరంటే ఎడ్డీ ఫాస్టర్ అన్నారు. ఆ పేరుతో దొంగరికార్డులు కూడా ముద్రించి అమ్మేశారు. ఎడ్డీ ఫాస్టర్ నిజంగానే ఉన్నాడు, వేరే గాయకుడు. ఈ పాటతో అతనికి సంబంధమే లేదు. ఇంగ్లండులో వేలమంది ఒక గొంతును ప్రేమిస్తున్నారు, మరొకడి పేరు చెప్పుకుని. గొంతుగలవాడు లాస్ ఏంజెలెస్‌లో వేరేవాళ్ల పాటలు చేసి, 1976లో ఆ కంపెనీ వదిలేసి, మతబోధకుడిగా స్థిరపడ్డాడు.

నిజం తేలాక 1979లో బ్రిటన్‌లోని టామ్లా మోటౌన్ ఆ పాటను దర్జాగా విడుదల చేసింది. ఈసారి లేబుల్ మీద ఫ్రాంక్ విల్సన్ పేరు ఉంది. పాడిన పద్నాలుగేళ్లకు!

అంటే ఆ పాటకు మూడు రకాల రికార్డులున్నాయి. వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలిన 1965 నాటి ప్రతులు. ఇంకొకడి పేరున్న దొంగ ప్రతులు. 1979 నాటి బ్రిటిష్ ప్రతులు. మూడింటిలోనూ గొంతు అదే. 1979 నాటిది వింటే పాట విన్నట్లే, లోటేం లేదు. మధ్యది ఉంచుకునేవాళ్లూ ఉన్నారు, విగన్‌లో తాము గంతులేసింది దానికే కనుక. మొదటిది మాత్రం కంపెనీ చెరిపేయాలనుకుని చెరపలేకపోయినది. 2009లో ఒక ప్రతి 25,742 పౌండ్లు పలికింది. లక్ష పౌండ్ల సంగతి మొదట్లోనే చెప్పుకున్నాం.

విల్సన్ 2012 సెప్టెంబరులో చనిపోయాడు. లక్ష పౌండ్ల అమ్మకం నాటికి ఎనిమిదేళ్లయింది. ఆ బిళ్ల వెనకవైపున ఉన్న ‘స్వీటర్ యాజ్ ద డేస్ గో బై’ కూడా అతను పాడిందే. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.